మాత్రల కోపం

గజంబద్ద మెకానిక్ వీపు మీద ఫెళ్ళున విరిగింది. సగం ముక్క కుట్టుమిషను కిందికి దొర్లింది. మిగతా సగం అతని భార్య చేతిలోనే ఉంది.

"అన్నం చల్లారిపోయిందన్నాను. అంతే కదే!" అన్నాడతను వీపు తడుముకుంటూ.

"అంతే! నీకన్నీ అంతే!"

చేతిలో ముక్క కూడా విసిరింది. అతని నుదురు చిట్లి, కనుబొమ్మ మీదుగా నెత్తురు కారింది.

మామూలుగా మొగుణ్ణి 'మీరు' అనే మనిషి. పిల్లలు పుట్టకుండా ఆ మాత్రలు మొదలెట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో ఎవరో నిప్పులు కుమ్మరించినట్టుంటోంది. తల పగిలిపోతుంది. తిన్నది కక్కుకుంటుంది. నెలసరి కాని రోజుల్లోనూ బట్ట తడుస్తుంది. అవన్నీ పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఈ కోపం ఒక్కటే చేతిలో ఉండటం లేదు. వచ్చి ఎవరో ఒకరికి దెబ్బ తగిలాక గాని, వచ్చినట్టు తెలియదు.

వంటింట్లోంచి అత్త దూసుకొచ్చింది. "నా కొడుకు నెత్తురు కళ్ళజూస్తావటే!" అంటూ జుట్టు పట్టి గుంజింది. కోడలు ఆ చెయ్యి కొరికింది. అత్త గావుకేక పెట్టి చెంప ఛెళ్ళుమనిపించింది. కోడలు తోసిన తోపుకి అత్త వెళ్ళి కుట్టాల్సిన బట్టల మూట మీద వెల్లకిలా పడింది. మధ్యలో దూరిన మెకానిక్‌కి అటునుంచి రెండు, ఇటునుంచి రెండు పడ్డాయి.

"తిరిగి ఒక్కటివ్వరా చవటా! ఇన్ని తింటున్నా నోరెత్తవేం?" మూట మీంచే అరిచింది అత్త.

అతను చొక్కా అంచుతో నెత్తురు తుడుచుకున్నాడు.

ఈ గోలకి ఉయ్యాల్లో చంటిది లేచి గుక్కపట్టింది. కోడలు పరుగెత్తింది. ఊపింది, జోకొట్టింది, బతిమాలింది. పిల్ల ఊరుకోలేదు.

"నోర్ముయ్!"

చెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. దాన్ని ఎప్పుడు అందుకుందో ఆమెకే తెలియదు.

మెకానిక్ ఒక్క దూకు దూకి ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. ఇస్త్రీపెట్టె కిందపడి నేల మీద బండ పగిలింది. ఆమె పగిలిన బండకేసి చూసింది, పిల్ల తలకేసి చూసింది. గోడ దగ్గరికి వెళ్ళి తన తల తనే ఠపీఠపీమని బాదుకుంది.

"నా బిడ్డని నేనే చంపేస్తాను. ఇవాళ కాకపోతే రేపు. ఇక ఆ మాత్రలు మింగలేను, నావల్ల కాదు!"

"మానేసి మళ్ళీ కడుపు తెచ్చుకుంటావా?" మూట మీంచి లేస్తూ అంది అత్త. "మొన్నటి కాన్పులో ఒంట్లో నెత్తురంతా పోయి ఎలాగో బతికావు. ఇంకోటంటే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పలేదూ?"

"అయితే మీ అబ్బాయిని చేయించుకోమనండి ఆపరేషను. మగవాళ్ళకి చిటికెలో అయిపోతుందట."

"ఏవిటీ, నా కొడుక్కా?" కొరికిన చెయ్యి నొప్పి కూడా మరిచిపోయింది అత్త. "షెడ్డులో వాళ్ళంతా వీడికి చీర కట్టి ఊరేగిస్తారే! ఆ పని చేయించుకున్న రోజు వీడు నా కొడుకే కాదు. గడప తొక్కనివ్వను."

మెకానిక్ పగిలిన బండ ముక్కలు ఏరుతున్నాడు.

తెల్లారగానే కోడలు అతని కాలరు పట్టుకుని ధర్మాసుపత్రికి ఈడ్చుకెళ్ళింది. "షెడ్డులో బండి విప్పి పెట్టొచ్చానే, నువ్వెళ్ళి రా" అని దారంతా గొణిగాడు. చంటిదాన్ని భుజాన వేసుకుని అత్త కూడా వెంటబడింది. "నా కొడుకుని మీరేం చేసేస్తారో చూస్తాను!"

డాక్టరమ్మ అతని నుదుటి గాయం చూసింది, ఆమె తల మీద బొప్పి చూసింది, అత్త చేతి మీద పళ్ళ గాట్లు చూసింది.

"ఇంతకీ మీలో పేషెంటెవరు?"

కోడలు అంతా చెప్పింది. ఇస్త్రీపెట్టె సంగతి కూడా దాచలేదు.

"ఈ మాత్రలు చాలామందికి ఏమీ చెయ్యవమ్మా. కొందరికి మాత్రం ఇలాగే పడవు. ఇంతదాకా ఎందుకు ఓర్చుకున్నావు? ఇవాళే ఆపెయ్. ఇది నీ తప్పు కాదు."

ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"మరి మళ్ళీ కడుపొస్తేనో?"

"వేరే దారులున్నాయి. అన్నిటికన్నా తేలిక, మీ ఆయన ఆపరేషను చేయించుకోవడం. బయటికెళ్ళి మాట్లాడుకుని రండి."

వరండాలోకి రాగానే అత్త అడ్డంగా నిలబడింది. "వీల్లేదు! నేను చచ్చాక చేయించుకోమను."

కోడలు ఆమె వైపే చూడలేదు. మొగుడి ముందు కూలబడి రెండు కాళ్ళూ పట్టుకుంది. "ఏవండీ, నా బిడ్డని నా చేతుల్లోంచి కాపాడండి."

మెకానిక్ తలెత్తాడు. "చేయించుకుంటా" అన్నాడు. "ఎవరేమనుకున్నా సరే. నీకోసం ఆ కత్తికి నేనే ఎదురెళ్తా."

అత్త నెత్తీ నోరూ బాదుకుంది. కోడలు లేచి, అతని నుదుటి గాయం తడిమింది. "దేవుడిలాంటి మనిషిని గొడ్డుని బాదినట్టు బాదాను" అని భోరుమంది.

"పోనీలే, ఊరుకో" అన్నాడతను గొప్పగా.

అప్పుడే కట్లు కట్టే సామాన్ల ట్రే పట్టుకుని అటు పోతున్న డ్రెస్సరు, అతన్ని చూసి ఠక్కున ఆగాడు.

"ఏమోయ్ మెకానిక్కూ, నీ పెళ్ళాం కాన్పు వార్డులో ఉండగానే వచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుపోయావే, మళ్ళీ ఓసారి వచ్చి చూపించుకోమంటే ఇప్పుడా రావడం?"