కింది అర

"ఎవర్నడిగి చంపావే నా కొడుకుని?"

చర్చిలో కొవ్వొత్తుల స్టాండు ముందే రదోయ్క కూతురి మీద విరుచుకుపడింది. అక్కడ పై అర ఇసుకలో బతికున్నవాళ్లకి, కింది అర ఇసుకలో పోయినవాళ్లకి కొవ్వొత్తి వెలిగిస్తారు. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని కొడుకు నెనాద్‌కి ఆమె ప్రతి ఆదివారమూ పై అరలోనే పెడుతోంది. కూతురు మిలేవ మాత్రం తన కొత్త నవలలో అలాంటి తల్లి చేతే కొడుకు కొవ్వొత్తిని కింద పెట్టించింది.

"అది కథమ్మా. ఆవిడ నువ్వు కాదు. ఆ బాధంతా కల్పితం."

"కల్పితమా? పొయ్యి మీద సూప్ మాడిపోతున్నా గుమ్మం వైపే చూస్తూ కూర్చునేది ఎవరే, మీ మేనత్తా?"

"సరే, తప్పయింది. ఆవిడ ఏడుపు అంత రాయకుండా ఉండాల్సింది."

"ఏడిస్తే ఏడవనీ! నా మంట దానిక్కాదు. కొవ్వొత్తి కింద పెట్టిన రాత్రి ఆవిడ తెల్లారేదాకా నిద్రపోయిందని రాశావు. ఇన్నేళ్లుగా నాకు కంటి మీద కునుకు లేదని తెలిసీ, ఆ నిద్ర ఎవతెకో ఇచ్చావు!"



తల్లి ఓ కొవ్వొత్తి వెలిగించి మిలేవ చేతిలో కుక్కింది. "నా చెయ్యి కిందికి పోదు. నువ్వు పెట్టు. నీకు అలవాటేగా."

మిలేవ వంగింది. కింది ఇసుకలోకి మైనం చుక్కలు చుక్కలుగా రాలుతోంది. వేళ్లు మాత్రం కొవ్వొత్తిని వదలడం లేదు.

"ఏమే, పెట్టవేం?" గద్దించింది తల్లి. "పుస్తకంలో ఒక్క ముక్కలో పెట్టించేశావుగా!"