చవక నూనె పునుగులు

ఇలా దగ్గరికి జరగండి, పునుగులు చల్లారకముందే చెప్పేస్తాను.

తన తోటలో కాసిన పామాయిల్ గెలలు అమ్మి ఇంటికొచ్చిన ఏడుకొండలు చెప్పులు విసిరికొట్టి, పెళ్లాం మాణిక్యమ్మ వేయిస్తున్న పునుగులు నాలుగు ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు.

"గెలల రేటు పడగొట్టారే! ఏదో దేశంతో ఒప్పందమంట. మనోళ్లు దిగుమతి సుంకం తీసేస్తే వాళ్ల పామాయిల్ చవగ్గా వచ్చి పడిందంట. అది కొనే సన్నాసులెవరో!"

మాణిక్యమ్మ మూకుడు వైపు చూసింది. పొద్దున తిరువూరులో చవగ్గా ఉన్నాయని మురిసిపోతూ ఆ పామాయిల్ ప్యాకెట్లు తెచ్చింది తనే.

"ఒక సన్నాసి కొనుక్కొచ్చింది, ఇంకో సన్నాసి నములుతున్నాడు," అంది.

ఏడుకొండలు దవడలు ఆగిపోయాయి. "ఉమ్మేయనా?"

"ఉమ్మితే గెల రేటు పెరుగుద్దా? మింగవయ్యా."

మింగాడు. నేలచూపులు చూస్తూ, "ఇంకో వాయి వెయ్యి," అన్నాడు.

గుర్తుపెట్టుకోండర్రా. మీ మూకుట్లో నూనె కాగిన రోజున ఇంకొకరికి చెప్పండి.