అంకమ్మ దవడపన్ను

మరలే పళ్లు పీకే రోజులొచ్చాక, డాక్టర్ హైమావతి లైసెన్సు నిలవాలంటే ఏడాదికి ఒక్క పన్నయినా సొంత చేత్తో పీకాలి. గడువు ఆ సాయంత్రమే. చీరాలలో ఆమెకు నోరు చూపేవాళ్లే లేరు. చివరికి కరివేపాకు అమ్మే అంకమ్మ వచ్చి కుర్చీలో కూలబడింది.

“మర దగ్గరికి పోలేదేం?”

“పోయానమ్మా. నొప్పంటే, నీకు నొప్పి లేదంటది. నా నోరు నాకు తెలవదా?”

హైమావతి పటకారుతో దవడపన్ను పట్టింది.

“అబ్బా!” అంది అంకమ్మ. హైమావతి చెయ్యి ఆగిపోయింది.

“ఆమెకు నొప్పి లేదు. అకారణంగా ఆగారు. మళ్లీ ఆగితే లైసెన్సు రద్దు,” అంది లైసెన్సు కోసం ఆమె పనిని గమనిస్తున్న గోడమీది పరీక్ష యంత్రం.

అంకమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. “కానియ్యమ్మా,” అంది. ఈసారి కిక్కురుమనలేదు. పన్ను ఊడివచ్చింది, లైసెన్సు నిలిచింది.

“బాగా నొప్పి పుట్టిందా?” అని మెల్లగా అడిగింది హైమావతి.

అంకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “లేదని అదే చెప్పిందిగా!”