మేబెల్ బుగ్గ మీద గీత

పిండిమిల్లు పడలేదు.

పేలుడు మందు పేలింది. దుమ్ము లేచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. తీరా దుమ్ము తగ్గాక చూస్తే, ఏడంతస్తుల మిల్లు తాగి ఇంటికొచ్చిన మొగుడిలా ఓ పక్కకు వాలి నిలబడే ఉంది.

దాని వెనక గోడ మీద మేబెల్ కూడా చెక్కుచెదరలేదు. రొట్టెముక్క పట్టుకున్న పసిపిల్ల బొమ్మ. కింద గజం ఎత్తు అక్షరాలు: "ఇంకో ముక్క పెట్టమ్మా."

ఆ మిల్లులో ఆడిన మేబెల్ పిండి అంగళ్లలో కనబడక నలభై ఏళ్లయింది. అయినా ఆ ఒహాయో ఊళ్లో మారు అడిగేవాళ్లంతా ఇప్పటికీ ఆ మాటే అంటారు.

మర్నాటి నుంచి జనం తిరునాళ్లలా వచ్చారు. తాడు కట్టిన హద్దుకు ఇవతల నిలబడి, మిల్లును తామే ఆపుతున్నట్టు రెండు చేతులూ పైకెత్తి ఫొటోలు దిగారు. ఆకలేస్తే మేబెల్ గోడకు ఎదురుగా ఉన్న బెర్నిస్ హోటల్లో దూరారు.

ఆ జనంలోనే బస్సు దిగి వచ్చాడు ఓ ముసలాయన.

కిటికీ పక్కన కూర్చుని గుడ్లు చెప్పాడు. గుడ్ల వంక చూడలేదు. గంటసేపు మేబెల్‌నే చూసి వెళ్లిపోయాడు.

రెండో రోజూ అంతే.

"ఏం పెద్దాయనా, మేబెల్ మీద గాని మనసు పడ్డావా?" అంది బెర్నిస్ కాఫీ పోస్తూ.

"నిన్న ఆ పగులు చెవి దగ్గరుంది. ఇవాళ బుగ్గ మీదికొచ్చింది."

"వయసు మీద పడితే ఎవరి మొహానికైనా గీతలొస్తాయిలే," అన్నాడు పక్క బల్ల దగ్గరి మెకానిక్ లైల్.

హోటలంతా నవ్వింది.

ముసలాయన లేచి, మిల్లు కూల్చే పనికి పెద్ద అయిన కర్టిస్ దగ్గరికెళ్లాడు. కర్టిస్ నోటినిండా బంగాళదుంపలున్నాయి.

"బాబూ, ఈ హోటల్ ఖాళీ చేయించు."

"మిల్లు వాలింది అటు. పడేదీ అటే. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది."

"మిల్లు అటే పోతుంది. ఈ గోడ దాంతో పోదు. విడిపోయి ఇటొస్తుంది."

"నువ్వేమన్నా ఇంజనీరువా?"

"కాదు."

"మరింకేం. గుడ్లు చల్లారిపోతున్నాయి, పోయి తిను."

మూడో రోజు పగులు మేబెల్ పెదవి దాటింది.

ముసలాయన నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చాడు. "తల్లీ, ఇవాళ్టికి మూసెయ్."

"బాగానే చెప్పావు. పదకొండేళ్లుగా ఈగలు తోలుకున్నాను. కుర్చీలు చాలని రోజొస్తే మూసుకోమంటావా?"

 ఆయన తన కుర్చీ దగ్గరికెళ్లి టోపీ తీశాడు. చెంచాతో కప్పు మీద టింగుటింగున కొట్టాడు.

"ఇవాళ నా పుట్టినరోజు. ఎనభై నిండాయి. నాకంటూ ఎవరూ లేరు. ఉన్నప్పుడు మా ఆవిడ ఏటి ఒడ్డునే కేకు కోయించేది. మీరంతా ఓ అరగంట ఏటికాడికొస్తే..."



హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ముందే చెప్పి చావచ్చుగా," అంటూ బెర్నిస్ పొయ్యి ఆర్పేసింది. "లైల్, కాఫీ కుండ నువ్వు పట్టు. కర్టిస్, ఆ రెండు కేకులూ తీసుకో. దార్లో వేలు పెట్టావంటే విరుస్తా."

ఫొటోల వాళ్లు కూడా కేకు అనేసరికి వెంట నడిచారు. అందరికన్నా చివర ముసలాయన. మరుగుదొడ్లోకి కూడా తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

ఏటి ఒడ్డున అందరూ గొంతెత్తి పాడారు. కేకు కోశారు. అరగంట కాస్తా గంటయింది.

"ఇక పోదాం, షెడ్డులో బాగుచేయాల్సిన బండ్లు ఆగిపోయాయి," అంటూ లైల్ లేచాడు.

"ఇంకో ముక్క పెట్టమ్మా," అన్నాడు ముసలాయన. అలా అనడం అది మూడోసారి. మొదటి రెండు ముక్కలూ పళ్లెంలో అలాగే ఉన్నాయి.

బెర్నిస్ కత్తి అందుకోబోయింది.

కాళ్ల కింద నేల అదిరింది.

మిల్లు కర్టిస్ చెప్పిన వైపే కూలింది. గోడ మాత్రం విడిపోయింది. మేబెల్ నిలువునా, మొహం ముందుకు పెట్టి, హోటల్ మీద పడింది.

కర్టిస్ తలలు లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు.

ముసలాయన గడ్డిలో కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు. పుట్టినరోజు పాడైపోయిందని కాబోలు అనుకుంది బెర్నిస్. తన హోటల్ సంగతి మరిచి ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

సాయంత్రం బస్సుకు ఆయన వెళ్లిపోయాడు. పేరు ఓరిన్ టేట్ అని, ఫలానా ఊరని, బస చేసిన చోట పుస్తకంలో చూస్తే తెలిసింది.

వసంతం వచ్చేసరికి హోటల్ మళ్లీ లేచింది. బెర్నిస్ ఉత్తరం రాసింది: "కిటికీ పక్క కుర్చీ నీదే పెద్దాయనా. వచ్చే పుట్టినరోజు ఇక్కడే."

జవాబు ఆయన చెల్లెలు ఇర్మా దగ్గర్నుంచి వచ్చింది.

"అమ్మా, మీ ఉత్తరం వచ్చేసరికి అన్నయ్య పోయి తొమ్మిది రోజులు. అన్నయ్య పుట్టింది జనవరిలో. పేలుడు పెట్టినా కూలని భవనం గురించి ఎక్కడ చదివినా అక్కడికి బస్సెక్కేవాడు. మొదట్లో ఉన్నమాటే చెప్పేవాడు, ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. తర్వాత్తర్వాత పుట్టినరోజులు మొదలుపెట్టాడు. నిరుడు అక్టోబరులో మీ ఊళ్లో చేసుకున్నది మూడోది. ముప్పై ఏళ్ల కిందట మా ఊళ్లో ఓ గోదాం ఇలాగే వాలి నిలబడితే, భయం లేదు, వాలిన వైపే పడుతుందని అందరికీ చెప్పింది దానికి మందు పెట్టిన మా అన్నయ్యే. గోడ వచ్చి పడిన హోటల్లో, మొగుడొస్తే కలిసి తిందామని కూర్చున్నది మా వదిన."