గదులు ఖాళీ లేవు

“రేపు మా అక్క వస్తోంది. మీరంతా నా హోటల్లో దిగాలి” అంది ఇష్బెల్.

పోస్టాఫీసులో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎరిన్సే దీవిలో సొంత ఇళ్ళున్న వాళ్ళు ఆ దీవిలోని హోటల్లోనే దిగడమేమిటి?

“ఉత్తుత్తినే. ఒక్క రాత్రి, టూరిస్టుల్లాగా. భోజనం నాది.”

పోస్టాఫీసు నడిపే ఎఫీ కళ్ళద్దాలు సర్దుకుంది. “అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా?”

ఒంట్లో బాగానే ఉంది. తల ఎత్తుకోవడమే కష్టంగా ఉంది.

గ్లాస్గోలో ఉద్యోగం వదిలి, రేవు పక్కనున్న ఆ చిన్న హోటల్ కొంటానన్నప్పుడు అక్క రోనా అడ్డుపడింది. రోనాకి ఇన్వర్నెస్‌లో పెద్ద హోటలుంది. “నువ్వు హోటల్ నడుపుతావా? సరిగ్గా టీ పెట్టడం రాదు నీకు! ఆ గాలికి, ఆ వానకి ఎవడొస్తాడే అక్కడికి? ఏడాది తిరక్కుండా మూసేస్తావు, చూసుకో” అంది, బంధువులందరి ముందూ. ఆ రోజు నుంచి ఇష్బెల్ అక్కతో మాట్లాడలేదు.

మొదటి చలికాలం గాలికి పైకప్పు సగం లేచిపోయింది. తర్వాతి వేసవిలో దీవికొచ్చే ఫెర్రీ పడవ చెడిపోయింది. వచ్చేదెప్పుడో, రానిదెప్పుడో తెలియక జనం రావడం మానేశారు. వంటావిడ వెళ్ళిపోయింది. ఈ సెప్టెంబరుకి మెట్ల మీద ఇష్బెల్ అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అలాంటప్పుడు ఉన్నట్టుండి అక్క ఫోను. “నిన్ను చూడాలనిపిస్తోందే. వస్తున్నా.”

“ఏం జరిగినా సరే, ఎవరూ నోరు జారకూడదు. ఒట్టెయ్యండి” అంది ఇష్బెల్.

వేశారు. పాపం, పిల్ల ఎర్రబడ్డ మొహం చూసి వేశారు.

మర్నాడు మధ్యాహ్నం రోనా వచ్చేసరికి హోటల్ కళకళలాడుతోంది. ఎఫీ ఇప్పుడు ఎడిన్‌బరా నుంచి గాలి మార్పుకి వచ్చిన వితంతువు. పీతలు పట్టే లాక్లన్ పక్షుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. మనవలున్న గొర్రెల కాపరి దంపతులు పెళ్ళిరోజు జరుపుకోడానికి వచ్చిన జంట.

రోనా గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇంతమందా!”

“ఎప్పుడూ ఇంతే అక్కా. నీకు నా గది ఇస్తున్నా. మిగతావన్నీ నిండిపోయాయి.”

“ఒక్కటీ ఖాళీ లేదా?”

“ఒక్కటీ లేదు.”

అక్క మొహం పాలిపోవడం ఇష్బెల్ చూసింది. కుళ్ళుకుంటోంది అనుకుంది. ఆ క్షణం తియ్యగానే ఉంది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

భోజనాల దగ్గర రోనా మర్యాదకి పలకరించింది. “ఏమేం పక్షులు కనిపించాయి ప్రొఫెసరు గారూ?”

లాక్లన్‌కి పొలమారింది. “తెల్లవి” అన్నాడు. కాస్త ఆలోచించి, “కొన్ని పెద్దవి కూడా” అన్నాడు.

ఎఫీ బల్ల కింద అతని కాలు తొక్కింది.

గిన్నెలు తీస్తుంటే రోనా వెనకాలే వంటగదిలోకి వచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకుంది. “నన్ను తోమనీవే.”

“బాగుంది! అంత పెద్ద హోటల్ యజమానురాలివి, నా గిన్నెలు తోముతావా? పనమ్మాయిలు ఈ రోజు సెలవు పెట్టారు గానీ నాకు మనుషులకేం కొదవలేదు. వెళ్ళి కూర్చో.”

“చలికాలం వస్తే మూసేస్తావా?”

“ఎందుకు మూస్తాను? క్రిస్మస్ దాకా గదులన్నీ బుక్కయిపోయాయి.”

రోనా మడిచిన చేతులు కిందికి దింపుకుని వెళ్ళి కూర్చుంది.

పొద్దున ఓట్స్ జావ వడ్డిస్తుంటే రోనా చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

“అందరిలో నిన్ను చులకన చేశాను ఆ రోజు. ఆ మాటలు నా నోటికెలా వచ్చాయో! నువ్వు గెలిచావే. నన్ను మన్నించు.”

ఇష్బెల్‌కి చెవులు మండిపోయాయి. పట్టుకున్న చెయ్యి విడిపించుకోలేకపోయింది. అంతా అబద్ధం, నువ్వన్నదే నిజమైంది అని చెప్పేయాలనుకుంది.

“అక్కా, అసలు…”

“ఏమండీ!” మెట్ల మీంచి లాక్లన్ గావుకేక పెట్టాడు. “స్నానానికి వేణ్ణీళ్ళు రావడం లేదు! ప్రొఫెసర్నంటే ఇదా మీ దగ్గర మర్యాద?”

ఎవరూ అడక్కుండానే వేషంలో లీనమైపోయాడు.

రోనా చెయ్యి వదిలేసింది. “వెళ్ళు, నీ పని చూసుకో. నేను మధ్యాహ్నం ఫెర్రీకి బయల్దేరతాను.”

ఇంకో రోజు ఉండక్కా అనాలి. ఇష్బెల్ అనలేదు. ఇంకో రోజంటే ఇంకో రోజు నాటకం.

రేవుకి కూడా వెళ్ళలేదు. అక్క కళ్ళలోకి చూసి చెయ్యి ఊపే ధైర్యం లేక, వంటగదిలో పనుందని చెప్పి, ఎఫీని తోడు పంపింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ నిలబడింది.

ఫెర్రీ కూత వినిపించింది. కాసేపటికి ఎఫీ తిరిగొచ్చింది. అరువు టోపీ తీసి బల్ల మీద పడేసి కూలబడింది.

“ఏమైంది? కనిపెట్టేసిందా?”

“లేదు. నిజంగా ఎడిన్‌బరా మనిషిననే అనుకుంది. మళ్ళీ జన్మలో ఎదురుపడని దాన్నని నా దగ్గర మనసు విప్పింది. నిజం నోటిదాకా వచ్చింది అమ్మాయ్. నువ్వేమో ఒట్టు పెట్టించుకున్నావు.”

“ఏం చెప్పింది?”

ఎఫీ టోపీని పక్కకి జరిపింది.

“పోయిన నెలలోనే వాళ్ళ హోటల్ చేజారిపోయిందట, నీ దగ్గరేదైనా గది ఖాళీగా ఉంటే ఇక్కడే పని చేసుకుంటూ ఉండిపోదామని వచ్చిందట.”