లేడిపిల్లల బడి

వాగొడ్డు బడిలో లేడిపిల్లలకు పులి అడుగు చప్పుడు గుర్తుపట్టడం నేర్పే తీతువు పిట్ట నాంచారి. పాపం, దానికి రెక్క ముడిచే తీరికే ఉండేది కాదు. పాఠం మొదలుపెట్టీ పెట్టకముందే పులిరాజు నుంచి కబురు: "పుట్టలు లెక్కపెట్టు! విందుకు చుట్టాల్ని పిలువు!" బడిలో పాఠాలు చెప్పే తక్కిన తీతువులదీ అదే గతి.

ఒకనాడు మంత్రి నక్క వచ్చి పిల్లల్ని చూసి పెదవి విరిచింది.

"వీళ్లకు ఒక్క ముక్కా రాదే! ఏం వెలగబెడుతున్నారమ్మా? రేపట్నించి బడి మూత. అడవులన్నీ చిలకల్ని తెచ్చుకుంటున్నాయి. పంజరంలో ఒక్క చిలక పలికితే వందమందికి చాలు."

"పంజరంలోని చిలకకు పులి కనబడుతుందా, మంత్రిగారూ?" అంది నాంచారి. నక్క వినకుండానే వెళ్లిపోయింది.

నాంచారి కాలు నిలవక తీతువులన్నిటినీ పోగేసి, సంఘం కడదామంది. ఒక పడుచు పిట్ట గొణిగింది: "సంఘం గింఘం మనకెందుకత్తా? మన గుడ్లు మనం చూసుకుందాం."

"ఓసి పిచ్చిదానా! లేళ్లకు చదువొస్తే పస్తు పడుకునేదెవరే?"

పడుచుది ఎగిరొచ్చి నాంచారి పక్కన వాలింది.

తెల్లారి ఏ తీతువూ పుట్టల వైపు పోలేదు. అన్నీ వాగొడ్డున వాలాయి. పొదలో పులి అడుగు పడగానే ఒక్కపెట్టున కూశాయి. లేడిపిల్లలు చెవులు రిక్కించి, ఆ చప్పుడు విని, పరుగందుకున్నాయి. పులి ఖాళీ నోటితో గుహకు మళ్లింది.

నక్క రొప్పుతూ వచ్చింది. "అపశకునపు పిట్టల్లారా, ఇది రాజద్రోహం!"

"కాదు మంత్రిగారూ, ఇవాళ్టి పాఠం," అంది నాంచారి. "రేపు మీ అడుగు చప్పుడు నేర్పుతాం."