కాలువ గట్టు నత్తోడు

"నా మనవరాలితో ఏంట్రా నీకు మాటలు?"

తులసమ్మ కేక కాలువ అవతలి గట్టుకి వినపడింది.

వంతెన పిట్టగోడ మీద కూర్చున్న మనిషి తలెత్తాడు. యాభై దాటిన వయసు. కాలికి సిమెంటు కట్టు. పక్కన చంక కర్ర.

అతని పక్కనే స్కూలు బ్యాగుతో శ్రావ్య. ఆరేళ్ళది. ఇంట్లో నోరు తెరవడానికి భయపడే పిల్ల, అక్కడ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది.

"కో... కో... కోపం జేయకమ్మా," అన్నాడతను. "పా... పాప క... కప్ప కథ చెప్తున్నది."

తులసమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. విన్నది నిజమే. నత్తోడే.

ఏడాదిగా శ్రావ్యకి మాట తడబడుతోంది. తండ్రి సాయిబాబుది ట్రాక్టరు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. కాలువ చివరి భూములాయె. నీళ్ళు రాని రోజు ఆ కోపమంతా అన్నం కంచాల దగ్గరికి వచ్చేది.

"నా... నా... నాన్నా..."

"తొందరగా చెప్పి చావవే! రాయచూరు బస్టాండు మైకాయన్ని చూడు, ఊళ్ళ పేర్లు ముత్యాల్లా దొర్లిస్తాడు. నీకు నాన్నా అనే ముక్క కూడా తిరగదా?"

పిల్ల ముద్దతో పాటు మాటా మింగేసేది.

తులసమ్మ రోజూ వసకొమ్ము అరగదీసి దాని నాలుకకి రాసేది. వస పని చెయ్యలేదు.

చివరికి కోడలు దేవిక నోరు విప్పింది.

"వంతెన దగ్గర మాత్రం బాగా మాట్లాడుతోందత్తయ్యా. ఎవరో శివన్నట. కాలు విరిగి అవతలి ఊళ్ళో చెల్లెలింట్లో ఉంటున్నాడు."

"ఎవడైతే ఏం? వాడితో దీనికేం మాటలు?"

"ఆయనకీ నత్తేనట."

ఆ ఒక్క ముక్కకే తులసమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. నత్తోడి పక్కన కూర్చుంటే నత్తి ముదురుతుందని క్యాంపులో అందరూ అంటారు. కాలువ దాటి వెళ్ళి ఆ మనిషెవరో, ఏం చేస్తాడో కనుక్కునే అలవాటు మాత్రం క్యాంపులో ఎవరికీ లేదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపు కట్టుకుని రెండు తరాలైనా, కూలీలు కావాల్సినప్పుడే అవతలికి కబురు.

"నీ రోగం దానికి అంటగట్టడానికి కూర్చున్నావా ఇక్కడ?"

"నే... నేర్పిస్తలేనమ్మా. విం... వింటున్న. గంతే."

"విం... విం... వింటున్నాడంట!" తులసమ్మ మూతి వంకర తిప్పి, అచ్చం అలాగే అంది. "సగం నాలుక వెధవా! దీన్నీ నీలాగే తయారుచేస్తావా?"

నాట్లేసి వస్తున్న ఆడకూలీలు పక్కున నవ్వారు.

శివన్న ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయి, పిల్ల వైపు చూసి, ఆగాడు.

"త... తప్పైంది. పో... పోతా తీయమ్మా."

కర్ర అందుకుని కుంటుకుంటూ కాలువ దాటాడు. మళ్ళీ రాలేదు.

శ్రావ్య ఏడవలేదు. నానమ్మ మూతినే చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి పిల్ల నోట ఒక్క మాట లేదు.

"నత్తి పోయింది చూశావా!" అన్నాడు సాయిబాబు మొదట. తర్వాత అతనికీ భయం పట్టుకుంది. భయం పట్టుకునేసరికి ఇంకా గట్టిగా అరిచాడు.

నాట్లు అయిపోగానే తులసమ్మ మనవరాల్ని రాయచూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించింది.

"గొంతు బాగుంది, నాలుకా బాగుంది," అన్నాడు డాక్టరు. "ఇంట్లో ఎవరైనా గదమాయిస్తారా? వెక్కిరిస్తారా?"

"మా ఇంట్లోనా? పువ్వుల్లో పెట్టి చూసుకుంటాం! దీన్ని చెడగొట్టింది వంతెన మీది నత్తోడు."

"అతనితో మాట్లాడేదా?"

తులసమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

బస్టాండు కిటకిటలాడుతోంది. తులసమ్మకి కన్నడ అక్షరాలు రావు. బోర్డులు చదవలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ మైకు చెబితేనే ఆమె బస్సెక్కేది.

"కల్మల, కల్లూరు, సిరవార, లింగసుగూరు దిక్కు పోయే ప్రయాణికులు..."

ముందు కన్నడ, వెంటనే తెలుగు. నూనె పోసినట్టు జారుతోంది గొంతు. బస్సు ఎక్కడ ఆగిందో మాత్రం హారన్ల గోలలో వినపడలేదు. అడుగుదామని మైకు గది కిటికీ దగ్గరికి నడిచింది.

లోపల గోడకి ఒక చంక కర్ర ఆనించి ఉంది.

మైకు ముందు శివన్న.

తులసమ్మ కిటికీ ఊచలకి ముఖం ఆనించి చూసింది. ఆ పెదాలే. ఒక్క అక్షరం కూడా తొట్రుపడకుండా ఊరి వెనక ఊరు దొర్లించేస్తున్నాయి.

చెబుతూ చెబుతూ అతను కిటికీ వైపు తిరిగాడు. తులసమ్మని చూశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ పిల్లనీ చూశాడు.

మైకు ఆగింది. అతను పిల్ల వైపు చూసి చిన్నగా నవ్వి, మళ్ళీ మైకు మీదికి వంగాడు.

మరుక్షణం బస్టాండంతా మోగింది.

"క... క... కల్లూరు బ... బ... బస్సు..."

జనం గొల్లున నవ్వారు. "ఏమైందిర ఈనకు ఇయ్యాల!" అని ఓ కండక్టరు అరిచాడు.

శ్రావ్య తలెత్తింది.

"తా... తా... తాతా!"

ఇన్నేళ్ళలో ఆ మైకు తడబడటం తులసమ్మ వినడం అదే మొదటిసారి.